నడుం బ్యాగు కొనేముందు టేపు తీయండి

వెనకటికి పొలం వెళ్లే పెద్దవాళ్లు రొంటిన వక్కాకు తిత్తి దోపుకునేవాళ్లు. ఆకు, వక్క, సున్నం, చిన్న కత్తి, నాలుగు చిల్లర డబ్బులు అన్నీ అందులోనే. చేతులు రెండూ ఖాళీ. వంగినా, లేచినా, గట్టు దూకినా తిత్తి కదిలేది కాదు. ఇప్పుడు వెయిస్ట్ ప్యాక్ అనీ, ఫ్యానీ ప్యాక్ అనీ, బెల్ట్ బ్యాగు అనీ అమ్ముతున్నవాటి పని కూడా అంతే. చాలా బ్యాగులు ఆ ఒక్క పని దగ్గరే తేలిపోతాయి. దుకాణంలో ఖాళీగా కట్టుకుంటే ఒంటికి అతుక్కుని ముచ్చటగా ఉంటాయి. సామాను పెట్టి కొండెక్కడం మొదలుపెట్టగానే ముందుకు వాలి, అడుగు అడుగుకీ తొడ మీద కొడతాయి.

దీనికి కారణం బరువొక్కటే కాదు, మందం. 24 సెంటీమీటర్ల పొడవు, 14 ఎత్తు, 6 మందం ఉన్న బ్యాగు రెండు లీటర్లది. 16 పొడవు, 11.5 ఎత్తు, 11 మందం ఉన్నదీ రెండు లీటర్లదే. లేబుల్ మీద రెండింటికీ ఒకటే అంకె. కానీ మొదటిదాంట్లో బరువు ఒంటికి మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, రెండోదాంట్లో అయిదున్నర సెంటీమీటర్లు బయటికి జరుగుతుంది. బెల్టు బ్యాగును పట్టుకునేది పక్కల దగ్గర మాత్రమే కాబట్టి, ముందున్న బరువు పై అంచును ఒంటి నుంచి లాగేస్తుంది. అందుకే చిన్న బ్యాగు ఎంచుకునేటప్పుడు లీటర్ల కన్నా ముందు మందం చూడాలి. సామాను నింపాక 8 సెంటీమీటర్లు దాటకపోతే మంచిది. 10 దాటితే ఆ బ్యాగును నడుముకు కాకుండా భుజం మీంచి ఏటవాలుగా వేసుకోవాల్సిందే.

ముందు సామాను నేల మీద పరచండి

బ్యాగు కొని, తర్వాత అందులో ఏం పెట్టాలా అని వెతికితే ఖాళీ ఉన్నంతవరకూ నింపుతూనే ఉంటాం. వరస తిరగేయండి. అనంతగిరి కొండల్లోనో, తలకోన వైపో ఒక పూట నడకకు నిజంగా ఏం కావాలో చాప మీద పరచి, వంటింటి తూకం మీద ఒక్కొక్కటీ తూయండి. సుమారుగా ఇలా వస్తుంది: కవరుతో కలిపి ఫోను 220 గ్రాములు, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మరో 220, పొట్టి కేబులు 20, మూడు సన్న బ్యాటరీల హెడ్ టార్చి 90, మడత కత్తి 80, తాళాలు 50, మడిచిన పల్చటి రెయిన్ పోంచో 60, బ్యాండ్ ఎయిడ్‌లు, గాయం మీద వేసే గాజ్ గుడ్డ, చిన్న క్రేప్ బ్యాండేజీ, నాలుగు మాత్రలు కలిపి 60, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు 41, ఈల, నోట్లు, కార్డులు 30. మొత్తం 870 గ్రాములు. బ్యాగు సొంత బరువు 250 అనుకుంటే కిలో నూట ఇరవై. అంతవరకూ నడుం మోస్తుంది. కిలోన్నర దాటితే ఏ మంచి బ్యాగైనా జారుతుంది, లేదా జారకుండా బిగించాల్సి వచ్చి కడుపు మీద ఒత్తుతుంది. భోంచేశాక ఆ ఒత్తిడి అసలు ఓర్చుకోలేం.

నీళ్లు ఈ లెక్కలో లేవు, ఉండకూడదు కూడా. అర లీటరు సీసా అంటే అర కిలో పైమాటే, అదీ గుండ్రంగా ఏడు సెంటీమీటర్ల మందంతో. పక్కన సీసా గూడు ఉన్న నడుం బ్యాగులు వస్తాయి కానీ వాటి తీరు వేరు. బరువు తుంటి మీదికి వచ్చేలా వెడల్పాటి దిండు బెల్టుతో కుడతారు, వీపు వైపు కట్టుకుంటారు. రెండు లీటర్ల బ్యాగుకు పక్కన సీసా వేలాడదీస్తే అది ఒక వైపుకు ఒరిగిపోతుంది.

ఓఆర్ఎస్ గురించి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన 20.5 గ్రాముల ప్యాకెట్ లీటరు నీళ్లకు. దారిలో అర లీటరు సీసాలో ప్యాకెట్ అంతా కలిపేస్తే ఉప్పు రెట్టింపవుతుంది, దాహం తీరకపోగా వాంతి వచ్చినట్టవుతుంది. చిన్న సీసా మోసేవాళ్లు 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు పెట్టుకోవడం నయం.

అగ్గిపెట్టె, లైటరు అడవి దారి అయితే ఇంట్లోనే వదిలేయండి. ఎండాకాలం నల్లమలలో ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇప్పుడు తూచినవన్నీ దగ్గరగా, ఒకదాని మీద ఒకటి రెండు వరసలకు మించకుండా పేర్చి, చుట్టూ టేపు పెట్టి కొలవండి. పైన చెప్పిన సామాను అసలు ఘనపరిమాణం లీటరుంపావు లోపే. కానీ వస్తువులు ఇటుకల్లా అతకవు కాబట్టి మూడో వంతు దాకా ఖాళీ వృథా అవుతుంది. అంటే కావాల్సింది ఒకటి ముప్పావు నుంచి రెండు లీటర్లు. లీటరు బ్యాగులో ఇవి పట్టవు. మూడు లీటర్లది కొంటే మిగిలిన లీటరులోకి చిరుతిళ్లు, కళ్లజోడు డబ్బా, పక్కవాళ్ల ఫోను వచ్చి చేరతాయి.

లేబుల్ మీది లీటర్లు

వీపు బ్యాగుల పరిమాణం కొలవడానికి ఏఎస్‌టీఎం ఎఫ్2153 అనే ప్రమాణం ఉంది. 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బంతులతో అరలన్నీ నింపి, ఆ బంతులను కొలపాత్రలో పోసి చూస్తారు. ఇంట్లో అదే పని శనగలతో అయిపోతుంది. బ్యాగులో పల్చటి పాలిథిన్ కవరు పరచి, శనగలు పోసి, జిప్పు ఇబ్బంది లేకుండా పడేంతవరకే నింపండి. తర్వాత వాటిని లీటరు డబ్బాతో కొలవండి. లేబుల్ మీద 2.5 అని ఉన్నది శనగల లెక్కలో రెండుకు కూడా రాకపోవచ్చు, ఎందుకంటే ముందు అరలు, వెనక అరలు ఖాళీగా ఉన్నప్పుడు ఉండే చోటును కలిపి రాసేవాళ్లున్నారు. నిజానికి ముందు అర నింపితే ఆ మేరకు పెద్ద అర నొక్కుకుపోతుంది.

కొలవాల్సింది ఇంకొకటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు: జిప్పు తెరుచుకునే నోరు. 6.7 అంగుళాల ఫోను పొడవు 16 సెంటీమీటర్ల పైన, కవరుతో 17 దాకా. బ్యాగు బయటి పొడవు 20 ఉన్నా, మూలలు గుండ్రంగా తిరిగి, జిప్పు చివర్లు కుట్టులో కలిసిపోయి, నోరు 15 మాత్రమే తెరుచుకోవచ్చు. అప్పుడు ఫోను ప్రతిసారీ మూలగా తిప్పి దూర్చాలి, తీసేటప్పుడు జిప్పు పళ్లు స్క్రీను గార్డు అంచును గీరుతాయి. దుకాణంలోనే ఫోను పెట్టి, ఒంటి చేత్తో తీసి చూడండి. రెండో చెయ్యి అవసరమైతే ఆ బ్యాగు వద్దు.

బెల్టు, బకిల్

బెల్టు నవారు వెడల్పు కిలో బరువుకు 25 మిల్లీమీటర్లు సరిపోతుంది. 20 అయితే కోస్తుంది, 38 అయితే చెమటపడుతుంది, బకిల్ పెద్దదై కూర్చున్నప్పుడు గుచ్చుకుంటుంది. చేత్తో తడిమితే కారు సీటు బెల్టులా మెత్తగా, సన్నని చారలతో ఉన్న నైలాన్ నవారు మంచిది. గరుకుగా, తేలిగ్గా, ప్లాస్టిక్ తాడులా మెరిసేది పాలీప్రొపిలీన్. చవక, నీళ్లు పీల్చదు, కానీ సర్దుబాటు క్లిప్పులోంచి కొంచెం కొంచెంగా జారుతుంది. అరగంట నడిచాక బ్యాగు వదులైందంటే తప్పు మీ నడుముది కాదు, ఈ జారుడుది.

చుట్టుకొలత ప్యాంటు సైజును బట్టి చూసుకోకండి. బ్యాగు కూర్చునే చోట, అంటే తుంటి ఎముక పైఅంచు మీద, వేసుకునే బట్టల మీదే టేపు చుట్టండి. గరిష్ఠ పొడవును అందరూ చూస్తారు, చిక్కంతా కనిష్ఠ పొడవుతో. బ్యాగు రెండు వైపులా గుడ్డ రెక్కలు, వాటి చివర సర్దుబాటు క్లిప్పులు ఉంటాయి. సన్న నడుం ఉన్నవాళ్లు ఎంత లాగినా ఆ క్లిప్పులు వచ్చి బకిల్‌కు తగిలి ఆగిపోతాయి. అక్కడితో సరి, బ్యాగు వేలాడుతూనే ఉంటుంది. 26, 28 అంగుళాల నడుం ఉన్న అమ్మాయిలు, పిల్లలు ఇది తప్పకుండా కట్టుకుని చూడాలి. కుర్తా మీదో చీర మీదో వేసుకునేవాళ్లకు నడుముకన్నా భుజం మీంచి ఏటవాలుగా వేసుకోవడమే సుఖం, దానికి బెల్టు పొడవు 120 సెంటీమీటర్లకు తక్కువైతే చాలామందికి చాలదు. వెల్క్రో ఉన్న బ్యాగు మాత్రం వద్దు, చున్నీ అంచు దానికి అంటుకుని దారం లాగేస్తుంది.

బకిల్ సరిగ్గా బెల్టు మధ్యలో ఉందా, పక్కకు ఉందా చూడండి. బ్యాగును ముందు వేసుకుంటే, మధ్యలో ఉండే బకిల్ వెన్నుపూస మీదికి వస్తుంది. దాని మీద వీపు బ్యాగు కూడా ఉంటే గంటలో అక్కడ ఎర్రటి అచ్చు పడుతుంది. పక్కకు జరిపి కుట్టినది మేలు. ఇక బకిల్‌ను కుట్టులో బిగించేశారా, లేక బెల్టు చివర దూర్చే రకమా అన్నది తర్వాత డబ్బు సంగతి. కాలి కింద పడి ఒక పన్ను విరిగితే, దూర్చే రకానికి కొత్త బకిల్ చాలు. కుట్టేసిన దానికి కుట్టు విప్పి మళ్లీ వేయించాలి. చీలిక కడ్డీ బకిళ్లని ఉంటాయి, కుట్టు విప్పకుండా కుట్టేసిన మడతలోకే ఎక్కుతాయి. అరుదుగా దొరుకుతాయి గానీ, అడగడంలో తప్పు లేదు.

అయస్కాంతం బకిళ్లు టక్కున పడతాయి, బాగుంటాయి. దిక్సూచి వాడేవాళ్లు మాత్రం వాటికి దూరంగా ఉండాలి, ముల్లు పక్కకు తిరుగుతుంది.

బెల్టు రెక్కలు బ్యాగుకు కలిసే మూలలు తిప్పి చూడండి. అక్కడ దగ్గర దగ్గరగా అటూ ఇటూ వేసిన మందపాటి అడ్డ కుట్టు కనబడాలి. దాన్ని బార్‌ట్యాక్ అంటారు. ఒకే వరస మామూలు కుట్టు ఉంటే బ్యాగు మొదట తెగేది అక్కడే.

గుడ్డ, జిప్పు

డీనియర్ అంటే తొమ్మిది వేల మీటర్ల నూలు పోగు గ్రాముల్లో తూగే బరువు. అలిపిరి నుంచి తిరుమల దాకా నడక దారి ఇంచుమించు తొమ్మిది కిలోమీటర్లు. ఆ దారి పొడవునా ఒక్క పోగు పరచి, చుట్టి తూస్తే అర కిలో వచ్చిందనుకోండి, అది 500 డీనియర్. చిన్న నడుం బ్యాగుకు 210 నుంచి 500 మధ్య చాలు. 1000 డీనియర్ గుడ్డ గట్టిదే కానీ, ఇంత చిన్న బ్యాగులో అది మడత పడక, నోరు తెరుచుకోక విసిగిస్తుంది, పైగా చేతి ముంజేతిని గీరుతుంది. ఒకే అంకె ఉన్నా పాలిస్టర్ కన్నా నైలాన్ రాపిడికి బాగా ఆగుతుంది. పాలిస్టర్ ఎండకు రంగు పోకుండా నిలుస్తుంది. మన అడవుల్లో అసలు శత్రువు ముల్లు. పరికి కంపలు, తుమ్మ కొమ్మలు బయటి వల అరలను ఒక్క నడకకే చీల్చేస్తాయి. సైనికుల సామానులా బయటంతా అడ్డపట్టీలు కుట్టినవీ కంపకు తగులుకుంటాయి, వాటి మీద వేరే పౌచ్‌లు తగిలించే ఉద్దేశం లేకపోతే ఆ పట్టీలన్నీ ఉత్త బరువు. నున్నటి బయటి గుడ్డే మేలు.

లోపలి వైపు వేసిన పాలీయూరిథేన్ పూత గురించి అమ్మేవాళ్లు చెప్పరు. వేడి, తేమ కలిసిన చోట ఆ పూత కొన్నేళ్లకు దానంతట అదే కరిగి జిగురు పడుతుంది, పొట్టులా రాలుతుంది, ఒక రకం పుల్లటి వాసన వేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో, అటక మీద మూట కట్టి పెట్టిన బ్యాగులకు ఇది మరీ త్వరగా వస్తుంది. కొత్తదే అయినా గోదాములో ఏళ్ల తరబడి ఉన్న బ్యాగుకూ వస్తుంది కాబట్టి, భారీ తగ్గింపులో కొనేటప్పుడు లోపల చెయ్యి పెట్టి రుద్దండి. వేలికి జిగురు తగిలినా, గుడ్డ రెండు పొరలూ అంటుకుని చిరచిరమని విడిపోయినా అక్కడే పెట్టేసి రండి.

జిప్పు అంకె మూసినప్పుడు పళ్ల వరస వెడల్పును ఇంచుమించు మిల్లీమీటర్లలో చెబుతుంది. పెద్ద అరకు 5వ నంబరు ఉండాలి. 3వ నంబరు ముందు అరకు సరే, నింపి లాగే అరకు వేస్తే నెలల్లో పళ్లు విడిపోతాయి. రన్నర్ (జిప్పును లాగే ముక్క) వెనక అంకె పోత పోసి ఉంటుంది, చూసుకోవచ్చు. సముద్రం ఒడ్డున తిరిగేవాళ్లకు లోహపు జిప్పు పనికిరాదు, ఉప్పుకు పచ్చగా చిలుము పట్టి బిగుసుకుంటుంది. మీద రబ్బరులాంటి పొర ఉన్న జిప్పు జల్లును ఆపుతుంది, జోరు వానను ఆపదు. రన్నర్ ఆగే చోట, కుట్టు సూది రంధ్రాల్లోంచి నీళ్లు దిగుతాయి. ‘వాటర్ రెసిస్టెంట్’ అనే మాట నమ్మి ఫోనును వానలో వదిలేయకండి, ఒక జిప్‌లాక్ కవరు ఎప్పుడూ లోపల ఉంచండి. మన ఊళ్లలో వానకన్నా ఎక్కువగా లోపలికి వెళ్లేది చెమట. ఒంటి వైపు వల మెత్త ఉంటే హాయిగా ఉంటుంది గానీ అది చెమటను పీల్చి పట్టుకుంటుంది. ఒంటికి ఆనుకునే అరలో నోట్లు పెడితే సాయంత్రానికి ముద్దవుతాయి.

లోపలి గుడ్డ నల్లగా ఉంటే చీకటి వేళ వెతుక్కోవడం నరకం. నారింజో, లేత బూడిదో అయితే నల్ల కత్తి, నల్ల కేబులు కనబడతాయి. అరలు ఎక్కువైతే మంచిదనుకుంటాం, ప్రతి అర ఒక గుడ్డ పొర, ప్రతి పొరా మందమే. ఒక పెద్ద అర, దానిలో రెండు ఎలాస్టిక్ గూళ్లు, తాళాలకు ఒక కొక్కెం, వెనక ఒక పల్చటి రహస్య అర చాలు. జిప్పు మూడు వైపులా తెరుచుకుని పుస్తకంలా విప్పుకునే రకం బల్ల మీద బాగుంటుంది. నడుం మీద తెరిస్తే సామానంతా ధూళిలో పడుతుంది.

తిప్పి పంపే గడువులోపు చేయాల్సిన పరీక్ష

ఆన్‌లైన్లో కొంటే ట్యాగు తీయకుండా ఇంట్లోనే ఇది చేయండి.

1. కిలోంపావు బియ్యం కవరులో కట్టి లోపల పెట్టండి. రోజూ మోసేదానికన్నా ఇది కొంచెం ఎక్కువ, కావాలనే.
2. బెల్టు బిగించి, సర్దుబాటు క్లిప్పు దగ్గర నవారు మీద దారం ముక్క కట్టి గుర్తు పెట్టండి.
3. ఇరవై సార్లు గెంతండి. తర్వాత రెండు అంతస్తులు మెట్లెక్కి దిగండి.
4. దారం క్లిప్పు నుంచి సెంటీమీటరు కన్నా ఎక్కువ జరిగితే బెల్టు జారుతోంది. నవారును తడిపి మళ్లీ చేయండి, కొన్ని పొడిగా నిలిచి తడిస్తే జారతాయి.
5. కింద కూర్చుని చెప్పు పట్టీ పెట్టుకోండి. బ్యాగు పొట్టలోకి పొడుచుకుంటే ఎత్తు ఎక్కువైంది.

జారుడు కొద్దిగానే ఉండి మిగతాదంతా నచ్చితే, మూడు కడ్డీల ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి కొని మిగులు నవారును దానిలోంచి వెనక్కి దూర్చండి, ఆగిపోతుంది. తోకలా వేలాడే మిగులును చుట్టి రబ్బరు బ్యాండు వేయకపోతే అది కంపకో, బండి ఫుట్‌రెస్టుకో చిక్కుకుంటుంది.

సర్దడం, మోయడం

బరువైనది ఒంటి వైపు, అడుగున. అంటే పవర్ బ్యాంకు మొదట, దాని పక్కన కత్తి, పైన మెత్తటి పోంచో, ముందు వైపు తేలికవి. ఫోనును మూసిన బ్యాగులో పెట్టి ఛార్జింగ్ వేస్తూ నడవకండి. బయట ఎండ, లోపల ఒంటి వేడి, పవర్ బ్యాంకు వేడి మూడూ కలిసి ఫోను ఛార్జింగ్ ఆపేస్తుంది. మందుల పొట్లం పైకి, చూడకుండా చెయ్యి పెడితే తగిలేలా.

నడుం బెల్టు ఉన్న పెద్ద వీపు బ్యాగు మోసేటప్పుడు రెండు బెల్టులూ ఒకే చోటికి వచ్చి కొట్లాడతాయి. చిన్నదాన్ని రొమ్ము మీదికి ఏటవాలుగా వేసుకోండి, లేదా దాని బెల్టును వీపు బ్యాగు భుజం పట్టీల కిందుగా పోనివ్వండి. శ్రీవారి మెట్టు దారిలా 2,388 మెట్లూ ఏకబిగిన ఎక్కే చోట ముందు వేసుకున్న బ్యాగు మోకాలికి తగులుతుంది. ఎక్కేటప్పుడు పక్కకు, తుంటి మీదికి జరిపితే పోతుంది.

జనం కిక్కిరిసిన జాతరలో వీపు వైపు బ్యాగు అంటే దొంగకు ఇచ్చినట్టే. ముందుకు తిప్పి, బకిల్‌ను చొక్కా కిందికి పోనివ్వండి. రెండు రన్నర్లుంటే వాటిని చిన్న కొక్కెంతో కలిపి బిగించండి. విమానం ఎక్కే రోజు లెక్క మారుతుంది: కత్తి చెక్ఇన్ సామానులోకి, పవర్ బ్యాంకు తప్పనిసరిగా చేతి సామానులోకి. 10,000 ఎంఏహెచ్ అంటే 37 వాట్ అవర్లు, విమానంలో అనుమతించే 100 వాట్ అవర్ల హద్దుకు చాలా లోపల. కత్తిని అడుగున మర్చిపోయి తనిఖీ దగ్గర వదులుకునేవాళ్లు చాలామందే, కాబట్టి దానికి ఎప్పుడూ ఒకే గూడు కేటాయించండి, ఖాళీ గూడు కంటికి కనబడుతుంది.

నెలకోసారి బ్యాగును బోర్లించి దులపండి. చెమట ఉప్పు తెల్లగా కనబడితే గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి మెత్తటి బ్రష్షుతో కడిగి, జిప్పులన్నీ తెరిచి నీడన ఆరేయండి. వాషింగ్ మెషీను, ఇస్త్రీ పూతను చంపేస్తాయి. జిప్పు పట్టేస్తే కొబ్బరినూనె రాయొద్దు, దుమ్ము అంటుకుని రెండు రోజుల్లో ఇంకా బిగుస్తుంది. పళ్ల మీద కొవ్వొత్తి రుద్దితే చాలు. రన్నర్ వెనకాల పళ్లు కలవకుండా తెరుచుకుపోతుంటే జిప్పంతా మార్చక్కర్లేదు, అరిగింది రన్నరే. రన్నర్ రెండు పక్కల వెనక అంచులను కటింగ్ ప్లేయరుతో ఒక్కో వైపు కొంచెం నొక్కి, లాగి చూసి, మళ్లీ నొక్కండి. ఒకేసారి గట్టిగా నొక్కితే అది విరుగుతుంది, అప్పుడు బ్యాగులు కుట్టే దుకాణానికి వెళ్లి అదే నంబరు రన్నర్ వేయించుకోవాలి.